గోలీ సోడా, బోరు నీళ్ళు, మన కరువు

ఈ స్వర్ణోత్సవ సంచికలో చాలామంది మిత్రులు మన గురువుల గురించి, ఆటల గురించి, అల్లరి గురించి రాసి ఉంటారు. ముప్పై ఏళ్ళుగా ఊళ్ళకు తాగునీళ్ళు అందించే పనిలో ఉన్న ఇంజనీరును కాబట్టి నేను నీళ్ళ గురించే రాస్తాను. మొదలు మాత్రం మనందరికీ తెలిసిన గోలీ సోడాతో పెడతాను. సోడాకూ అనంతపురం కరువుకూ సంబంధం ఏమిటని మీకు సందేహం రావచ్చు. సంబంధం ఉంది. చివర్లో మన సంఘం ముందు పెట్టదలచుకున్న ఒక ప్రతిపాదన కూడా ఉంది. అందుకని కాస్త ఓపిగ్గా చదవమని మనవి.

సోడా కథ

1767లో ఇంగ్లండులోని లీడ్స్ పట్టణంలో జోసెఫ్ ప్రీస్ట్లీ అనే శాస్త్రజ్ఞుడు ఉండేవాడు. ఆయన ఇంటి పక్కనే బీరు తయారుచేసే కార్ఖానా ఉండేది. పులుస్తున్న తొట్ల మీద తేలే గాలిని ఆయన నీళ్ళలో కలిపి చూశాడు. నీళ్ళు పుల్లగా, చురుక్కుమనేలా తయారయ్యాయి. ఆ గాలే కార్బన్ డయాక్సైడ్. ఆ పద్ధతి మీద 1772లో చిన్న పుస్తకం వేశాడు. అదే ఏడు కెప్టెన్ కుక్ రెండో సముద్రయాత్రకు బయలుదేరుతుంటే, ఈ నీళ్ళు తాగితే నావికులకు స్కర్వీ జబ్బు రాదని నమ్మి ఆ పద్ధతిని ఓడతోపాటు పంపించారు. ఆ నమ్మకం నిజం కాలేదు. స్కర్వీకి మందు నిమ్మజాతి పండ్లలో ఉంది కానీ బుడగల్లో లేదు.

1783లో జెనీవాలో యాకబ్ ష్వెప్ సోడాను వ్యాపారంగా మార్చాడు. ఒత్తిడి ఎంత పెంచితే నీళ్ళలో గాలి అంత ఎక్కువగా కరుగుతుందని 1803లో విలియం హెన్రీ సూత్రం చెప్పాడు. మిగిలిన చిక్కల్లా ఆ గాలిని సీసాలో ఎలా నిలపాలన్నదే. 1872లో లండనుకు చెందిన హైరమ్ కాడ్ దానికి జవాబు కనిపెట్టాడు. సీసా మెడలో గాజు గోలీ, మూతి దగ్గర రబ్బరు వాషరు పెట్టాడు. సీసాను తలకిందులు చేసి నింపితే లోపలి గాలే గోలీని వాషరుకు అదిమి పట్టుకుంటుంది. వేరే మూత అక్కర్లేదు. ఇంగ్లండులో ఆ సీసాలు ఎప్పుడో మూలపడ్డాయి. మన ఊళ్ళలో మాత్రం వందేళ్ళ పైచిలుకు బతికాయి.

మన బడి గేటు ముందు సోడాబండి మీకు గుర్తుండే ఉంటుంది. పావలాకు సోడా, నిమ్మకాయ పిండి ఉప్పు వేస్తే ఇంకో ఐదు పైసలు. ఎండాకాలం పరీక్షలప్పుడు ఆ బండి చుట్టూ ఉన్నంత గుంపు నోటీసు బోర్డు దగ్గర కూడా ఉండేది కాదు. తొమ్మిదో తరగతిలో మా సైన్సు సారు ఒక సోడాబుడ్డిని తరగతికి తెప్పించి, అందరి ముందూ కొట్టి, హెన్రీ సూత్రం చెప్పారు. "ఒత్తిడి ఉన్నంతసేపే గాలి నీళ్ళలో ఉంటుంది. ఒత్తిడి తీస్తే వెళ్ళిపోతుంది" అన్నారు. ఆ ఒక్క పాఠం నా ఉద్యోగంలో పనికొచ్చినంతగా ఇంకేదీ పనికి రాలేదు.

సోడాకు మన దగ్గర అంత గిరాకీ ఉండటానికి ఎండ ఒక్కటే కారణం కాదు. మన ఊళ్ళలో చాలా చోట్ల నీళ్ళు ఉప్పగా, చప్పగా ఉంటాయి. గాలి ఎక్కించి పుల్లదనం తెస్తే ఆ రుచి తెలియదు. అందుకే బంధువులు వస్తే ముందు సోడా తెప్పించేవాళ్ళం. సోడా తాగితే ఒంటికి మంచిదని, కడుపు శుభ్రపడుతుందని పెద్దలు చెప్పేవారు. ఆ పుల్లదనానికి కొన్ని క్రిములు తగ్గే మాట వాస్తవమే. కానీ నీళ్ళలో కరిగి ఉన్న ఉప్పులు సోడా కొట్టినంత మాత్రాన పోవు. కుక్ ఓడలోని నావికుల నమ్మకం లాంటిదే మనదీనూ.

పళ్ళ మీద గార

మన తరగతిలో పది పదిహేను మందికి పళ్ళ మీద పసుపు, గోధుమ రంగు చారలు ఉండేవి. ఫోటో తీసేటప్పుడు నోరు మూసుకుని నవ్వేవాళ్ళు. పళ్ళు సరిగ్గా తోముకోరని వాళ్ళకు ఇంట్లోనూ బయటా చీవాట్లు పడేవి. బొగ్గుతో, ఉప్పుతో, వేపపుల్లతో చిగుళ్ళు రక్తం కారేలా తోముకున్నా ఆ చారలు పోయేవి కావు. పోవు కూడా. అది ఫ్లోరోసిస్. చిన్నతనంలో, పళ్ళు లోపల తయారవుతున్న వయసులో, తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉంటే వచ్చే గుర్తు అది. ఆ పిల్లల తప్పు అందులో ఆవగింజంత కూడా లేదు. ఇన్నేళ్ళ తర్వాతైనా ఈ సంచికలో ఆ మాట అచ్చులో ఉండాలని నా కోరిక.

మన దేశంలో ఈ జబ్బు గురించి తొలిసారిగా వైద్య పత్రికలకు ఎక్కింది మన తెలుగు నేల నుంచే. 1937లో అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో నడుములు వంగి, మెడ తిప్పలేని స్థితిలో ఉన్నవారిని పరీక్షించిన వైద్యులు దానికి కారణం తాగునీరేనని రాశారు. ఇప్పటి ప్రమాణాల ప్రకారం లీటరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఒక మిల్లీగ్రాము లోపల ఉండటం మంచిది. వేరే దారి లేకపోతే ఒకటిన్నర దాకా సహిస్తారు. మన జిల్లాలో నేను పరీక్ష చేయించిన బోర్లలో ఆ హద్దు దాటినవి ఎన్నో ఉన్నాయి. నీళ్ళు కాచితే ఫ్లోరైడ్ తగ్గదు. ఆవిరి పోయిన కొద్దీ మిగిలిన నీళ్ళలో ఇంకా చిక్కబడుతుంది.

ఇంతకీ ఆ ఫ్లోరైడ్ నీళ్ళలోకి ఎలా వస్తుంది? ఇక్కడే సోడా మళ్ళీ వస్తుంది. వాననీరు నేలలోకి ఇంకేటప్పుడు వేళ్ళ చుట్టూ ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని పలచని సోడాగా మారుతుంది. ఆ సోడా మన నల్లరాతిని, గ్రానైటును ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా కరిగిస్తుంది. సోడియం, బైకార్బనేట్ నీళ్ళలో చేరతాయి. సున్నం మాత్రం గుళ్ళుగా గడ్డకట్టి నేలలోనే ఉండిపోతుంది. సున్నం ఉన్న నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువగా నిలవదు. సున్నం పోయిన నీళ్ళలో నిలుస్తుంది. కాబట్టి నీళ్ళు రాతి పగుళ్ళలో ఎంత ఎక్కువ కాలం నిలవుంటే ఫ్లోరైడ్ అంత పెరిగే అవకాశం ఉంది. నిన్నటి వాన నీళ్ళు చెరువులో, ఊట బావిలో ఉంటాయి. ఎప్పటివో పాతనీళ్ళు లోతు బోరులో ఉంటాయి. లోతు తక్కువ బావుల్లో ఫ్లోరైడ్ అసలే లేదని కాదు. ప్రతి ఏడూ కొత్తనీళ్ళు చేరుతుంటే అది పలచబడుతుంది. కొత్తనీళ్ళు ఆగిపోతే మిగిలేది పాత సోడాయే.

మరి కొత్తనీళ్ళు ఎందుకు ఆగిపోయాయి? వాన తగ్గిందా? మన చరిత్ర చూస్తే అలా అనిపించదు.

చెరువు పేరు పెట్టుకున్న జిల్లా

అనంతపురం పేరే చెరువు నుంచి వచ్చింది. పద్నాలుగో శతాబ్దంలో మొదటి బుక్కరాయల మంత్రి చిక్కవొడెయరు పెద్ద చెరువు కట్టించి, కట్టకు ఒక కొసన బుక్కరాయసముద్రం, రెండో కొసన అనంతసాగరం అనే ఊళ్ళు నిలిపాడని చెబుతారు. వాన తక్కువ నేలలో ఊళ్ళకు 'సముద్రం', 'సాగరం' అని పేర్లు పెట్టుకున్నారంటే అది వాళ్ళు పడ్డ కష్టానికి కొలత.

1388 నాటి కల్లూడి శాసనం ఒకటుంది. మన హిందూపురానికి ఎగువన, ఇప్పటి గౌరిబిదనూరు ప్రాంతంలోది. పెన్నేటి నీళ్ళను పెనుకొండకు తేవాలని అక్కడ పాలిస్తున్న ప్రతాప బుక్కరాయలు జలసూత్రం తెలిసిన సింగయభట్టును ఆజ్ఞాపించాడని, ఆయన సిరువేర చెరువు దాకా కాలువ తవ్వించాడని అందులో ఉంది. ఇంజనీరు పేరు రాతి మీద చెక్కించిన రాజులు మనకు ఉండేవారన్నమాట. మా శాఖలో శిలాఫలకాల మీద ఎవరెవరి పేర్లు ఉంటాయో మీకు చెప్పనక్కర్లేదు.

పక్కనే ఉన్న కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు శాసనం 1369 నాటిది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు వేయించాడు. రోజుకు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ళ పని అని అందులో లెక్క ఉంది. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలతోపాటు ఆరు దోషాలు కూడా చెప్పారు. కట్ట నుంచి నీరు కారడం, చౌటి నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం, చెరువు నడుమ తాబేటి వీపులా మెరక ఉండటం, నీరు తక్కువై సాగు ఎక్కువ కావడం, నీరు ఎక్కువై సాగు తక్కువ కావడం. ఆరున్నర శతాబ్దాల కిందటి ఈ పట్టికను నేను కొత్తగా చేరిన ఇంజనీర్లకు చదివి వినిపిస్తుంటాను. మూడో దోషం, ఐదో దోషం విన్నాక అందరూ నవ్వుతారు. తర్వాత ఎవరూ నవ్వరు.

అప్పటికీ ఇది వాన చాలని నేలే. పడమటి కనుమలు నైరుతి మేఘాలను అడ్డుకుంటాయి. ఈశాన్య రుతుపవనాలు మన దాకా వచ్చేసరికి నీరసిస్తాయి. జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. తక్కువే. కానీ సున్నా కాదు. ఒక ఎకరం మీద 550 మిల్లీమీటర్ల వాన పడితే దాదాపు 22 లక్షల లీటర్లు. మన భాషలో చెప్పాలంటే 200 మిల్లీలీటర్ల గోలీ సోడాలు కోటికి పైనే. వాన దేవుడి లెక్క. పడిన వానను ఏం చేశామన్నది మన లెక్క. కరువుకూ విపత్తుకూ తేడా ఆ రెండో లెక్కలోనే ఉంది.

ధాత కరువు

ఆ తేడా అన్నిటికంటే క్రూరంగా తేలింది 1876–78లో. మన పెద్దలు దాన్ని ధాత కరువు అన్నారు. అప్పటికి అనంతపురం ఇంకా బళ్ళారి జిల్లాలో భాగమే. 1882లో వేరు జిల్లా అయింది. వానలు పోయిన మాట నిజం. కానీ మద్రాసు నుంచి తాడిపత్రి, గుత్తి మీదుగా రాయచూరు దాకా రైలు దారి 1871కే పూర్తయింది. ధాన్యం తేవడానికి దారి ఉంది. కొనడానికి జనం దగ్గర డబ్బు లేదు. వ్యాపారంలో సర్కారు జోక్యం కూడదన్నది వైస్రాయి లిట్టన్ పట్టు. 1877 జనవరి 1న ఢిల్లీలో విక్టోరియాను చక్రవర్తినిగా ప్రకటిస్తూ దర్బారు జరిగింది. ఆ రోజుల్లోనే కరువు పనులకు వచ్చిన కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం పాటి కూలి చాలునని సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయించారు. దాంతో మనిషి బతకలేడని మద్రాసు ఆరోగ్య శాఖ అధికారి డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించారు. దక్షిణాదిలో చనిపోయినవారు తక్కువ అంచనాకే అరకోటి పైన. ఆకాశం చేసింది కొంత, కాగితం మీద సంతకం చేసింది మిగతాది.

తర్వాత కరువు సంఘాలు వేశారు, నిబంధనలు రాశారు. 1952 కరువులో మన రాయలసీమలో గంజి కేంద్రాలు తెరిచారు. మా అబ్బ ఆ వరసలో నిలబడ్డవాడే. "గంజి పలచగానే ఉండేది నాయనా, కానీ పోసేవాడు ఉన్నాడు కదా" అనేవాడు. డెబ్బై ఐదేళ్ళలో సాధించిన ముందడుగు ఆ ఒక్క వాక్యంలో ఉంది.

తేదీ లేని విపత్తు

1945లో మొదలై 1953 నాటికి పూర్తయిన తుంగభద్ర ఆనకట్ట మన జిల్లాకు ఆశ. ఎగువ కాలువ ద్వారా నీళ్ళు వచ్చాయి. కానీ తొలుత సుమారు 133 టీఎంసీల జలాశయం పూడిక వల్ల ఇప్పుడు 105 టీఎంసీల దగ్గరకు దిగింది. పోరుమామిళ్ళ శాసనంలోని మూడో దోషం, రెండు రాజ్యాల సరిహద్దు, ఇక్కడ అక్షరాలా ఉంది. 2024 ఆగస్టు 10 రాత్రి ఆ ఆనకట్ట 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. నిండు జలాశయం నుంచి పదుల టీఎంసీలు వృథాగా పోయాయి. మన తెలుగువాడైన గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు గారు ప్రవాహం మధ్యలోనే వారం రోజుల్లో స్టాప్‌లాగులు దింపించి మిగతా నీళ్ళు కాపాడారు. ఆ సంగతి పత్రికల్లో మొదటి పేజీలో వచ్చింది. రావాలి కూడా.

కానీ మన జిల్లాలో జరిగిన అసలు విపత్తు ఏ రోజూ మొదటి పేజీకి ఎక్కలేదు. దానికి తేదీ లేదు. భోపాల్‌కు 1984 డిసెంబరు ఉంది. గుజరాత్‌లో మచ్ఛు ఆనకట్ట తెగిన దానికి 1979 ఆగస్టు ఉంది. మన చెరువులకు నీళ్ళు తెచ్చే వంకలు, వాగులు ఎప్పుడు పూడాయో ఎవరు చెప్పగలరు? కొర్ర, సజ్జ, జొన్న వేసే నేల అంతా వేరుశనగ ఎప్పుడయింది? ఒక దశలో జిల్లాలో ఏడెనిమిది లక్షల హెక్టార్లలో ఆ ఒక్క పంటే వేసేవాళ్ళం. వాన ఒక్క నెల మొహం చాటేస్తే జిల్లా మొత్తం ఒకేసారి కూలబడేది. వేదవతి ఒడ్డున కణేకల్లు, బొమ్మనహాళ్ ప్రాంతంలో ఏటి ఇసుక గాలికి లేచి పొలాల మీద మేటలు వేసింది. అది ఏ తేదీన మొదలైంది?

బోరు కూడా అంతే. మా నాయన మొదటి బోరు 180 అడుగుల్లో నీళ్ళిచ్చింది. ఊరంతా చూడటానికి వచ్చారు. నాలుగేళ్ళలో చుట్టూ ఇరవై బోర్లు పడ్డాయి. రెండోది 350 అడుగులకు పోయింది. మూడోది 600 అడుగుల దాకా దించితే దుమ్ము లేచింది. రెండెకరాలు అమ్మి ఆ అప్పు తీర్చాం. మా నాయన ఒక్కడు చేసింది కాదు అది, పక్కవాడు ఒక్కడు చేసిందీ కాదు. మన గట్టి రాతి నేలలో నీళ్ళుండేది పైనున్న మెత్తటి పొరలో, కింది పగుళ్ళలో. అది ఒకే సోడాబుడ్డి లాంటిది. ఎన్ని మూతులు పెట్టినా లోపలున్నది ఒకటే. ఎవరికి వారు తమ గోలీ నొక్కుకున్నారు, అందరి గాలీ పోయింది. నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం 2002లో వచ్చింది. బోరుకు అనుమతి కావాలన్నారు. అప్పటికే బుడ్డి సగం ఖాళీ.

ఇది మన ఒక్క జిల్లా కథ కాదు. కేరళలోని ప్లాచిమడలో 2000లో ఒక శీతల పానీయాల కర్మాగారం పెట్టారు. చుట్టుపక్కల బావులు ఎండి, నీళ్ళు పాడయ్యాయని మయిలమ్మ అనే ఆదివాసీ మహిళ ముందుండి ఉద్యమం నడిపింది. 2004లో అది మూతపడింది. అక్కడ ఎదుట ఒక కంపెనీ గేటు ఉంది కాబట్టి ధర్నా చేయగలిగారు. మన దగ్గర గేటు ఎవరిది? ఎవరి ఇంటి ముందు కూర్చోవాలి? అదే మన విపత్తులోని చిక్కు.

చేసినవాళ్ళూ మనుషులే

మనుషులు చేసిన విపత్తు అనడంలో ఒక ఆశ కూడా ఉంది. మనుషులే సరిచేయగలరు. సత్యసాయి తాగునీటి పథకం ఏడు వందలకు పైగా ఊళ్ళకు నీళ్ళిచ్చింది. ఆ తర్వాత పుట్టిన పిల్లల పళ్ళు తెల్లగా ఉండటం ఎన్నో ఊళ్ళలో నేను కళ్ళారా చూశాను. హంద్రీ–నీవా ద్వారా కృష్ణా నీళ్ళు జీడిపల్లి దాకా, ఆపైకి వచ్చాయి. కొన్ని పల్లెల్లో జనమే పూనుకుని చెక్‌డ్యాములు కట్టి, గుట్టల మీద చెట్లు పెంచి, ఎండిన బావుల్లో మళ్ళీ ఊట చూశారు. అయితే శ్రీశైలం నుంచి ఎత్తిపోసే నీళ్ళకు కరెంటు ఖర్చు ఉంది. పైకప్పు మీద పడే వానకు ఆ ఖర్చు లేదు.

ఇప్పుడు నా ప్రతిపాదన. స్వర్ణోత్సవ నిధితో బడికి ఒక స్వాగత తోరణం, కొత్త బోరు వేసి దానికి ఆర్వో ప్లాంటు పెట్టాలన్న ఆలోచన సంఘంలో నడుస్తోంది. ఆర్వో ఫ్లోరైడ్‌ను తీసేస్తుంది, నిజమే. కానీ ఎక్కించిన నీళ్ళలో చాలా భాగాన్ని వదిలేస్తుంది. ఆ వదిలిన నీళ్ళలో ఉప్పులు ఇంకా చిక్కగా ఉండి మళ్ళీ మన నేలలోకే పోతాయి. పైగా బోరు ఎన్నేళ్ళు ఉంటుందో ఎవరూ హామీ ఇవ్వలేరు.

మన బడి పాత భవనం, కొత్త భవనం పైకప్పులు కలిపి వెయ్యి చదరపు మీటర్లు. నేనే టేపు పట్టి కొలిచాను. సగటు వానలో ఐదో వంతు వృథా పోయినా ఏడాదికి 4 లక్షల 40 వేల లీటర్లు దక్కుతాయి. ఆరువందల మంది పిల్లలు రోజుకు రెండేసి లీటర్లు తాగినా, 220 పనిదినాలకు కావలసింది 2 లక్షల 64 వేల లీటర్లు. వాన సగటు కంటే మూడో వంతు తగ్గిన ఏడాదిలో కూడా సరిపోతుంది. ఎండాకాలం దాటడానికి లక్షన్నర లీటర్ల భూగర్భ తొట్టి, తొలి వాన నీళ్ళు బయటికి వదిలే గొట్టం, గులకరాళ్ళు, ఇసుక, బొగ్గు వేసిన వడపోత గది, క్రిములు పోవడానికి క్లోరిన్. ఇంతే పని. ఈ నీళ్ళలో ఫ్లోరైడ్ బెడద ఉండదు. మిగిలిన వాన నీళ్ళను ఆవరణలో పూడిపోయిన మన పాత బావిలోకి మళ్ళించవచ్చు. చుట్టుపక్కల ఇళ్ళ బోర్లకూ కొంత ఊట చేరుతుంది.

డ్రాయింగులు, అంచనాలు నేను వేసి ఇస్తాను. పని జరిగినన్నాళ్ళూ వారానికోసారి వచ్చి చూసుకుంటాను. ఏటా వానలకు ముందు పైకప్పు ఊడ్పించి, తొట్టి కడిగించి, నీళ్ళు పరీక్ష చేయించే బాధ్యత మాత్రం సంఘం రాసిపెట్టుకుని తీసుకోవాలి. చెరువులు కట్టినవాళ్ళు లేక కాదు మనకు ఈ గతి పట్టింది, కట్టాక చూసేవాళ్ళు లేక.

తోరణం వద్దని నేను అనను. డబ్బు మిగిలితే అదీ కట్టుకుందాం. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ ప్రతిపాదనను చర్చకు పెట్టమని కార్యదర్శి గారికి ఉత్తరం ఇచ్చాను. మిత్రులు, గురువులు తప్పక వచ్చి తమ అభిప్రాయం చెప్పాలని కోరుతున్నాను. ఆ రోజు సోడాల ఖర్చు నాది.